కొలబద్ద మాఱినదా? కొలువబడిన వస్తువు మాఱినదా?

శోధనయంత్రములలో స్థానగణనమును గూర్చిన పాఠము

ఉపోద్ఘాతము

ఒక వస్తువును నిన్న కొలిచి నేడు మఱల కొలిచినప్పుడు లెక్క వేఱుగా వచ్చినయెడల, వస్తువైనను మాఱియుండవలెను, కొలబద్దయైనను మాఱియుండవలెను. ఈ రెంటిని వేఱుపఱచి చూడ నేర్చుకొనుట శాస్త్రాభ్యాసమునకు మొదటి మెట్టు.

ధవళేశ్వరము ఆనకట్టకడ గోదావరి నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. అచటి కొలబద్దను ఎవరైనను ఒక అడుగు క్రిందికి దించి నాటిరనుకొనుడు. నదిలో నొక్క బిందువైనను పెరుగకుండగనే లెక్క ఒక అడుగు పెరుగును. లంకలలోని జనులు మూటాముల్లె సర్దుకొని బయలుదేఱవలసి వచ్చును. దానినే ఒక అడుగు పైకెత్తి నాటినయెడల అపాయ మింకను ఘోరము. నిజముగా వరద వచ్చినప్పుడు జనులు నిద్రించుచుందురు. కొలబద్దను కనిపెట్టి యుండుట నదిని కనిపెట్టి యుండుటకంటె తక్కువ పని కాదు.

ఇట్టి చిక్కే కంప్యూటరు ప్రపంచమున నేడు తఱచుగా సంభవించుచున్నది. మన పూర్వవిద్యార్థులు పలువురు ఆ పనులలోనే ప్రవేశించుచున్నారు గాన, ఆ విషయమును ఈ పాఠమున క్రమముగా విచారింతము.

1. స్థానమనగా నేమి?

సెర్చి ఇంజను అని వ్యవహరింపబడు శోధనయంత్రమును మీ రందఱు నెఱుగుదురు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచుండిన లారీ పేజి, సెర్గీ బ్రిన్ అను నిరువురు 1998వ సంవత్సరమున స్థాపించిన గూగుల్ వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. రష్యాలో యాండెక్సు, చీనాలో బైదు, మైక్రోసాఫ్టువారి బింగ్ మొదలగునవియు నున్నవి. మనము రెండు మూడు మాటలు వ్రాసి అడిగినచో, ఆ మాటలకు తగినవని తాను తలచిన పుటలను యంత్రము వరుసగా చూపును. ఆ వరుసలో ఒక పుట ఎన్నవదిగా నున్నదో అదియే దాని స్థానము. వాడుకలో ర్యాంకు అందురు.

జనులు సామాన్యముగా మొదటి నాలుగైదు ఫలితములను చూచి తృప్తిపడుదురు. కావున అంగడివాడును, ఆసుపత్రియు, పాఠశాలయు తమ పుట ఏ స్థానమున నున్నదో తెలిసికొన గోరుదురు. ప్రతిదినము ఒకే ప్రశ్న నడిగి, వచ్చిన ఫలితముల పుటను చదివి, స్థానమును లెక్కించి పట్టికలో వ్రాయు ప్రోగ్రామునకు ర్యాంకు ట్రాకరని పేరు. ఇదియే మన పాఠములోని కొలబద్ద.

2. ఈ కొలబద్ద ఎట్లు చదువును?

మనకు తెఱమీద కనబడునది బొమ్మవంటిది. ఆ బొమ్మవెనుక హెచ్.టి.ఎం.ఎల్. అను సంకేతభాషలో వ్రాయబడిన కోడు ఉండును. అందు ప్రతి ఫలితమును ఒక పెట్టెలో నుంచి, ఆ పెట్టెకు క్లాసు అను నొక పేరు పెట్టుదురు. "ఇట్టి పేరుగల పెట్టె కనబడినచోట ఒక ఫలితమున్నదని లెక్కింపుము" అని ట్రాకరు వ్రాసినవాడు దానికి నేర్పును. పుటను విడదీసి చదువు ఈ భాగమును పార్సరందురు.

చిక్కెల్ల ఇచటనే పుట్టుచున్నది. ఆ పేళ్లు మన సౌకర్యము కొఱకు పెట్టబడినవి కావు. పెక్కుమార్లు అవి అర్థములేని అక్షరముల గుంపులు. యంత్రమే వానిని కల్పించును, యంత్రమే మార్చును. మార్చుటకు ముందు మన కెవ్వరును జాబు వ్రాయరు. క్రొత్త తపాలావానికి "పచ్చతలుపు గల ఇంటిలో ఈ ఉత్తరము నిమ్ము" అని చెప్పితి మనుకొనుడు. ఇంటివారు తలుపునకు ఎఱ్ఱరంగు వేసినచో, ఇల్లు ఉన్నచోటనే యున్నను, "అట్టి ఇల్లు లేదు" అని అతడు మరలి వచ్చును. మనుష్యుని కన్నులకు ఫలితముల పుట నిన్నటివలెనే కనబడుచుండగా, ట్రాకరు మాత్రము "ఏమియు లేదు" అని వ్రాయుట ఇట్టిదే.

3. మార్పులు మూడు విధములు

శోధనయంత్రములవారు చేయు మార్పులను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది, పేళ్ల మార్పు. పైన జెప్పిన పచ్చతలుపు కథ ఇదియే. దీనివలన లెక్క పూర్తిగ తప్పును; కాని పార్సరును సవరించినచో సరిపడును.

రెండవది, అమరిక మార్పు. ఇందు ట్రాకరు చెడదు. స్థానమను మాటకే అర్థము మాఱును. 2020 జనవరివఱకు, గూగుల్ పుట పైభాగమున సమాధానపు పెట్టెలో చూపబడిన పుట, క్రింది వరుసలోను మఱల కనబడుచుండెను. ఆ నెలలో, పైన చూపిన పుటను మొదటి ఫలితముల పుటలో మఱల చూపుట మానిరి. ఇపుడు పెట్టెలోనిది మొదటి స్థానమా, లేక పెట్టె క్రిందనున్నది మొదటి స్థానమా? పెట్టెను లెక్కింపని ట్రాకరునకు, అందఱికంటె పైకెక్కిన పుట ఒక్కదినమున మాయమైపోయినట్లు తోచెను. 2015 ఆగస్టులో ఊరి అంగళ్లను చూపు పెట్టెయందు ఏడు పేళ్లకు బదులు మూడే చూపసాగిరి. నాలుగవదియు ఐదవదియు నైన అంగళ్లు ఏ తప్పును చేయకయే ఆ పెట్టెనుండి తొలగిపోయినవి. 2024 మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశమునను, కృత్రిమమేధ వ్రాసిన సారాంశమును ఫలితములకు పైన చూపుట ప్రారంభమైనది. అట్టి సారాంశము వచ్చిన పుటలో మొదటి ఫలితము లెక్కకు మొదటిదియే, చూపునకు మాత్రము తెఱ అడుగుభాగమున నుండును.

ఫలితముల పుటలను విభజించు పద్ధతియు స్థిరముగా నిలువలేదు. గూగుల్‌వారు 2021 అక్టోబరులో చేతిఫోనులయందును, 2022 డిసెంబరులో పెద్దకంప్యూటరులయందును, అమెరికాలో ఆంగ్లశోధనలతో ఆరంభించి, పుట తరువాత పుట తనంతట తానే వచ్చునట్లు చేసిరి. 2024 జూన్‌లో పెద్దకంప్యూటరులయందు దానిని తీసివేసిరి. "మొదటి పుటలో నున్నాము" అను మాటకు ఈ మధ్యకాలమున స్థిరమైన అర్థము లేకపోయినది.

మూడవది, ద్వారము మూయుట. 2025 జనవరిలో గూగుల్ ఫలితములను చూచుటకు జావాస్క్రిప్టు తప్పనిసరి చేసిరి. అనగా, వట్టి కోడును తెచ్చుకొని చదువు ప్రోగ్రాములకు ఫలితములు దొరకుట మానినవి. మనుష్యుడు వాడు బ్రౌజరువలె పుటను పూర్తిగ నడిపించిన గాని లోపలి విషయము కనబడదు. ఆ దినములలో అనేక ట్రాకరుల పట్టికలలో ఖాళీలు పడెను. అదే సంవత్సరము సెప్టెంబరులో మఱియొక ద్వారము మూయబడినది. అంతవఱకు చిరునామా చివర నూఱు ఫలితములు కావలెనను ఒక చిన్న సూచన చేర్చినచో, నూఱును ఒక్క పుటలోనే వచ్చుచుండెను. ఆ సూచన పనిచేయుట మానినది. దానిని తాము లాంఛనముగా అంగీకరించుట లేదని గూగుల్‌వారు తెలిపిరి. ఒక్కసారి అడిగినచోట పదిసార్లు అడుగవలసి వచ్చినది. పదిసార్లు అడుగునప్పుడు నడుమ వరుస కొంత కదలినచో, పదవదిగా చూచిన పుట పదునొకండవదిగా మఱల రావచ్చును. వేఱొక పుట రెంటి సందున జాఱిపోవచ్చును.

4. ఒక లెక్క

సైటు యజమానులకు గూగుల్‌వారే సెర్చ్ కన్సోల్ అను పట్టికను ఉచితముగా ఇత్తురు. అందు సగటు స్థానము చూపబడును. ఒక ఫలితము పుటలో చేర్చి పంపబడినచో, చూచువాడు క్రిందివఱకు రాకున్నను, సామాన్యముగా అది ఒక చూపుగా లెక్కకు వచ్చును. ఇది గుఱుతుంచుకొని ఈ లెక్క చేయుడు.

ఒక పుట నిజమైన మనుష్యులకు 4వ స్థానమున 300 సార్లు చూపబడినది. నూఱేసి ఫలితములను తెప్పించుకొను ట్రాకరులు వేఱు మాటలు అడిగినప్పుడు, అదే పుట 84వ స్థానమున 100 సార్లు చూపబడినది. మొత్తము చూపులు 400. స్థానముల మొత్తము 300 × 4 = 1200, 100 × 84 = 8400, కలిపి 9600. సగటు 9600 ÷ 400 = 24.

ఇపుడు నూఱు ఫలితముల ద్వారము మూయబడినది. ట్రాకరుల చూపులు నూఱును పోయినవి. మిగిలినవి 300; సగటు 4. చూపులు నాలుగవవంతు తగ్గినవి, స్థానము 24 నుండి 4కు ఎగబ్రాకినది. పుటలో ఒక్క అక్షరమైనను మాఱలేదు. దానిని చూచు మనుష్యులలో ఒక్కడైనను తగ్గలేదు, పెరుగలేదు.

ఇవి నేర్పుటకై నేను కూర్చిన అంకెలే. కాని 2025 సెప్టెంబరు తరువాత అనేక సైటుల పట్టికలలో చూపులు తగ్గి సగటు స్థానము మెఱుగైనట్లు నిజముగనే కనబడెను. యంత్రముల చూపులు తొలగుటయే దీనికి ముఖ్యకారణమని ఆ వృత్తిలోనివారు పెక్కండ్రు తలచిరి. చూపులు తగ్గినవని దుఃఖించినవానికిని, స్థానము పెరిగినదని పండుగ చేసికొన్నవానికిని ఆ పట్టిక అర్థము కాలేదన్నమాట.

5. ఖాళీకిని సున్నకును గల భేదము

మన పాఠశాలలో చదివిన ఒక బాలిక ఇపుడు ఒక పట్టణమున ఊరగాయలను, పిండివంటలను తపాలామూలమున అమ్ము నొక అంగడిలో పనిచేయుచున్నది. అంగడి పుటలను వ్రాయుట ఆమె పని. 2025 జనవరిలో ఒక ఉదయమున యజమాని పట్టిక తెఱచి చూడగా, నలువది మాటలకును స్థానము 101 అని యుండెను. అనగా మొదటి నూఱింటిలో ఎచ్చటను లేదని. ఆమె అశ్రద్ధవలననే వ్యాపారము మునిగినదని తలచి, నెలాఖరునకు పని మాన్పింపవలెనని ఆయన నిశ్చయించెను.

ఆమె వాదింపలేదు. ఆయన యెదుటనే తన చేతిఫోనులో "గోంగూర పచ్చడి" మొదలుగా ఐదు మాటలు వరుసగా అడిగి చూపెను. మూడింటికి అంగడి పుట మొదటి ఐదింటిలోనే యుండెను. తరువాత ఆ ట్రాకరు అమ్మినవారిని విచారింపగా, తమ ప్రోగ్రామునకు పుట దొరకనప్పుడెల్ల 101 అని వ్రాయునట్లు ఏర్పఱచితిమని వారు చెప్పిరి. పుటను చూడలేకపోయిన ప్రోగ్రాము, చూచి కనుగొనలేదని వ్రాసినదన్నమాట. హాజరుపట్టికను తీయని దినమున ఉపాధ్యాయుడు తరగతి యంతయు గైరుహాజరని వ్రాసిన నెట్లుండునో, ఇదియు నట్లే. ఆ బాలిక ఉద్యోగము నిలిచినది. కాని ఐదు మాటలు స్వయముగా అడిగి చూచుటకు తోచని మఱియొకరి ఉద్యోగము నిలిచియుండదు.

6. లెక్క తప్పకుండుటకు నియమములు

ఈ పనిలో ప్రవేశింపగోరువారు క్రింది నియమములను కంఠస్థము చేయుట మేలు.

మొదటిది: చదివిన లెక్కనే కాక, చదువబడిన పుటను యథాతథముగ దాచుకొనవలెను. దానితోకూడ తేది, వేళ, ఊరు, భాష, చేతిఫోనా పెద్దకంప్యూటరా యను వివరములు వ్రాయవలెను. 2017 అక్టోబరునుండి గూగుల్ ఫలితములు చిరునామా చివరనున్న దేశపుగుఱుతును బట్టికాక, అడుగువాడున్న చోటును బట్టి వచ్చుచున్నవి. గుంటూరునుండి అడిగిన లెక్కను వరంగల్లునుండి అడిగిన లెక్కతో పోల్చరాదు. మూలపుట దాచియున్నచో, పార్సరును సవరించిన పిమ్మట పాతదినముల లెక్కను మఱల తీయవచ్చును; లేనియెడల ఆ దినములు పోయినట్లే.

రెండవది: "వెదకితిని, లేదు" "చూడనియ్యలేదు" "పుట వచ్చినది గాని చదువలేకపోతిని" అను మూడును మూడు వేఱు గడులలో వ్రాయవలెను. వీనిలో మొదటిది మాత్రమే స్థానమును గూర్చిన సమాచారము.

మూడవది: కావలివాండ్రవంటి కొన్ని మాటలను ఏర్పఱచుకొనవలెను. ప్రసిద్ధమైన ఒక సంస్థ పేరుతో వెదకినచో దాని సొంతపుట మొదట రావలెను గదా. అట్టివి పదింటిని ప్రతిదినమును ముందుగా అడుగవలెను. ఆ పదియు ఒక్కమాఱే తప్పినచో, మాఱినది లోకము కాదు, మన పార్సరే.

నాలుగవది: వచ్చిన ఫలితములను లెక్కింపవలెను. మొదటి పుటలో సామాన్యముగా పదికి దగ్గఱగా వరుసఫలితము లుండును. రెండో మూడో మాత్రమే చిక్కినచో, ఆ దినపు లెక్కను పట్టికలో చేర్పక ఆపవలెను.

ఐదవది: ఒకదానితో నొకటి సంబంధములేని సైటులు, సంబంధములేని మాటలు ఒకే గడియలో ఒకే రీతిగా కదలినచో, కొలబద్దను ముందుగా అనుమానింపవలెను. నిజమైన మార్పు కొందఱిని పైకెత్తి కొందఱిని దించును. కొలబద్ద దోషము అందఱిని ఒకే వైపునకు త్రోయును.

ఆఱవది: తలుపురంగును బట్టి కాక, ఇంటి కట్టుబడిని బట్టి ఇల్లు గుర్తింపవలెను. క్లాసుపేళ్లు మాఱును, కాని ప్రతి ఫలితమునకు ఒక శీర్షికయు, ఆ శీర్షికకు ఒక లింకును, క్రింద నొక చిన్న వివరణమును ఉండుట అంత తేలికగా మాఱదు. రెండు మూడు గుఱుతులు కలిసినప్పుడే ఫలితమని ఒప్పుకొను పార్సరు దీర్ఘకాలము నిలుచును.

ఏడవది: స్థానమునకు మీ రిచ్చు నిర్వచనమును కాగితముమీద వ్రాసియుంచవలెను. వరుసలో నెన్నవది, తెఱమీద పైనుండి నెన్నవది అను రెండు లెక్కలను వేఱువేఱుగ నుంచుట మంచిది. నిర్వచనముగాని, శోధనయంత్రపు అమరికగాని మాఱిన దినమున రేఖాపటముమీద నిలువుగీత గీసి, గీతకు ఈవలనున్న రేఖను ఆవలి రేఖతో కలుపరాదు. వీలైనచో కొన్ని వారములు పాతపద్ధతిని, క్రొత్తపద్ధతిని ప్రక్కప్రక్కనే నడిపి రెంటికి గల భేదమును కనుగొనవలెను.

ఎనిమిదవది: వారమున కొకమాఱైనను కొన్ని మాటలను మనుష్యుడే అడిగి కన్నులార చూడవలెను. తన ఖాతానుండి బయటికి వచ్చి చూచుట మేలు. 2009 డిసెంబరునుండి గూగుల్‌వారు ఖాతాలేనివారికిని పూర్వశోధనలను బట్టి ఫలితములను కొంత మార్చుట మొదలుపెట్టిరి.

7. తెలుగు పుటలకు ప్రత్యేకమైన చిక్కు

తెలుగు లిపిలో చిరునామాలు గల పుటలకు మఱియొక జాగ్రత్త కావలెను. "తెలుగు" అను మాటలో మన కంటికి మూడక్షరములే. కంప్యూటరు దానిని త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆఱు సంకేతములుగా దాచును. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు, మొత్తము 18. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుఱుతును చేర్చి మూడు అక్షరములుగా వ్రాయుదురు గాన, మూడక్షరముల మాట 54 అక్షరముల తోరణమగును. శోధనయంత్రము నిన్న తెలుగులిపిలో చూపిన చిరునామాను నేడు ఈ శాతపు రూపమున చూపినచో, రెంటిని పోల్చ నేర్వని ట్రాకరు "ఇది మన పుట కాదు" అనును. కావున పోల్చుటకు ముందే అన్ని చిరునామాలను ఒక్క రూపమునకు తేవలెను.

8. హద్దులను గూర్చి ఒక మాట

తమ అనుమతిలేక యంత్రములచే ప్రశ్నలడిగించుట గూగుల్‌వారి షరతులకు విరుద్ధము. ఇట్టి ఫలితములను సేకరించి అమ్ముచున్న సెర్ప్‌ఏపీఐ అను సంస్థపై వారు 2025 డిసెంబరులో అమెరికాలో దావా వేసిరి. అంగీకృతమైన ద్వారములును శాశ్వతములు కావు. మైక్రోసాఫ్టువారు బింగ్ శోధన ఏపీఐలను 2025 ఆగస్టులో నిలిపివేసిరి. చిన్న అంగడికి, చిన్న పాఠశాలకు సెర్చ్ కన్సోల్ పట్టికయు, వారమునకొకమాఱు కన్నులతో చూచుటయు చాలవఱకు సరిపోవును. అయితే ఆ పట్టిక నిజముగా చూపబడిన వాని సగటును చెప్పును. ట్రాకరు ఒక్క చోట ఒక్క గడియలో చూచినదానిని చెప్పును. అవి రెండును సరిగ ఏకీభవింపకుండుట తప్పు కాదు. రెండును ఒకే దినమున వ్యతిరేకదిశలకు పరుగెత్తినప్పుడే విచారింపవలెను.

సంగ్రహము

శోధనయంత్రము తన కోడును మార్చుట దాని హక్కు, మన మాపలేము. మనము చేయగలిగినది, మార్పు వచ్చినదని ఆ దినమే ఎఱుగుట, అనుమానమున్న లెక్కను నిజమని వ్రాయకుండుట, తెలియనిచోట తెలియదని వ్రాయుట. పట్టికలోని ప్రతి అంకెవెనుకను ఒకరి జీతము, ఒకరి పేరు ఉండునని తలచి వ్రాయువాడే నమ్మదగిన లెక్కగాడు.

ప్రశ్నలు

1. ఒక పుట 5వ స్థానమున 200 సార్లును, 80వ స్థానమున 50 సార్లును చూపబడినది. సగటు స్థానమెంత? 80వ స్థానపు చూపులు తొలగినచో సగటు ఎంత యగును? పుట మెఱుగైనదని చెప్పవచ్చునా?

2. పేళ్ల మార్పునకును, అమరిక మార్పునకును గల భేదమును ఒక్కొక్క దృష్టాంతముతో వివరింపుడు.

3. నీ పట్టికలో ముప్పది మాటలు ఒక్క రాత్రిలో మాయమైనవి. యజమానికి తెలుపుటకు ముందు నీవు చేయవలసిన పరీక్షలను వరుసగా వ్రాయుము.

4. "అమ్మ" అను మాటను కంప్యూటరు అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతములుగా దాచును. శాతపు రూపమున దానికి ఎన్ని అక్షరములు కావలెను?

5. మన బడిలో వర్షపాతమును గాని, విద్యార్థుల ఎత్తును గాని కొలుచునప్పుడు, కొలబద్ద మాఱుటవలన లెక్క తప్పు విధమును ఒకటి కనుగొని మీ ఉపాధ్యాయునికి చూపుడు.